పెరటి గుమ్మం: రెండిళ్ల కంప్యూటర్లు, రెండు ఇంటర్నెట్లు

(ఒక శాఖా గ్రంథాలయంలో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

నమస్కారం అండి. ఫ్యాను కింద ఇంకా నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, నిలబడ్డవాళ్లు అటు రండి. లైబ్రేరియన్ గారు నన్ను కంప్యూటర్ భద్రత మీద మాట్లాడమన్నారు. ఆ పేరు పెడితే ఓటీపీ ఎవరికీ చెప్పకండి అని చెప్పి కూర్చోవాలి. అది మీరు ఫోను ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. (నవ్వులు) అందుకని నా చేతికి తెలిసిన పని గురించే చెప్తానన్నాను. పాతికేళ్లుగా ఈ ఊళ్లో కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. నెలకి ఒక్కరైనా వచ్చి అడిగే ప్రశ్న ఒకటుంది. "పక్కపక్కనే రెండిళ్లు. ఎవరి ఇంటర్నెట్ వాళ్లకి ఉంది. కానీ ఈ ఇంట్లో కంప్యూటరూ ఆ ఇంట్లో కంప్యూటరూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ఎలా?"

చిన్న ప్రశ్నే. కానీ నేను చూసిన తప్పుల్లో సగం ఇక్కడే జరిగాయి. వాటిలో కొన్ని నేను చేసినవి కూడా, దాచుకోను.

ఒక కుటుంబం గురించి చెప్తాను. పేర్లు వద్దు, ఇక్కడ వాళ్ల చుట్టాలెవరైనా ఉండొచ్చు. అన్నదమ్ములు. తండ్రిగారి స్థలం చెరిసగం చేసుకుని రెండిళ్లు కట్టుకున్నారు, మధ్యలో పిట్టగోడ. అన్న పెళ్లిళ్లకి వీడియో తీస్తాడు, తమ్ముడు ఎడిటింగ్ చేస్తాడు. ఇప్పుడు పెళ్లంటే మామూలుగా లేదు కదండీ. హల్దీ నుంచి అప్పగింతల దాకా, నాలుగు కెమెరాలు, ఒక డ్రోను. ఒక్కో పెళ్లికి మూడొందల జీబీ దాకా వస్తుంది. మాఘంలో ముహూర్తాలు వరసబెట్టి ఉంటాయి. అన్న ఇంట్లో కెమెరా కార్డులు ఖాళీ చేసి హార్డ్ డిస్కులో పెట్టడం, పిట్టగోడ మీంచి తమ్ముడి చేతికివ్వడం. ఇలాగే మూడేళ్లు నడిచింది. ఒకరోజు డిస్కు చెయ్యి జారి చప్టా మీద పడింది. కార్డులు అప్పటికే చెరిపేశారు, సాయంత్రం ఇంకో పెళ్లి ఉందని. తర్వాత ఆ పెళ్లివారితో ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

మర్నాడు ఇద్దరూ కలిసి షాపుకొచ్చారు. "మా రెండిళ్లనీ కలిపెయ్యండి" అన్నారు. కలపడం వేరు, కలిపెయ్యడం వేరు. చారులో మజ్జిగ కలిపేస్తే మళ్లీ విడదీయలేం. వాళ్లకి కావలసింది గోడ పడగొట్టడం కాదు. పెరట్లో ఒక గుమ్మం పెట్టుకోవడం.

ముందు మీలో చాలామందికి వచ్చే అనుమానం తీర్చేస్తాను. ఇద్దరికీ ఇంటర్నెట్ ఉంది కదా, దాంట్లోనే పంపుకోవచ్చు కదా? పంపుకోవచ్చు. లెక్క వేయండి. మూడొందల జీబీ, 100 ఎంబీపీఎస్ ప్లాను. గిగాబైట్లు వేరు, గిగాబిట్లు వేరు, ఎనిమిదితో గుణించాలి. దాదాపు 6 గంటల 40 నిమిషాలు, అదీ ఎక్కడా తగ్గకుండా పూర్తి వేగంతో ఎక్కితే. అన్న పంపుతూ ఉంటే ఆ ఇంట్లో ఎవరూ ఇంకేం పంపలేరు. వాళ్లిద్దరివీ వేరు వేరు కంపెనీల కనెక్షన్లు. అంటే ఆరు మీటర్ల దూరంలో ఉన్న గదికి ఫైలు చేరడానికి ఊరు దాటి, ఎక్కడో పెద్ద నగరంలో ఆ రెండు కంపెనీల తీగలు కలిసే చోటికి వెళ్లి, మళ్లీ మన వీధికే రావాలి. అదే గిగాబిట్ తీగ నేరుగా వేస్తే సెకనుకి 110 మెగాబైట్లు ధారగా పోతుంది. మూడొందల జీబీ ముప్పావుగంట. భోంచేసి వచ్చేలోగా అయిపోతుంది.

సరే, తీగ వేద్దాం అనుకున్నారు. నేను వెళ్లేలోపే తమ్ముడు ఉత్సాహం ఆపుకోలేక ఒక కేబుల్ తెచ్చి, ఒక కొస అన్న రూటర్లో, ఇంకో కొస తన రూటర్లో గుచ్చేశాడు. కలిపేశాడన్నమాట. సాయంత్రానికి రెండిళ్లలోనూ నెట్ ఆడీ ఆడనట్టు అయిపోయింది. వదినగారి ఫోన్లో వీడియో ఆగిపోతోంది, పిల్లవాడి ఆన్‌లైన్ క్లాసు పడిపోతోంది, టీవీ మాత్రం బ్రహ్మాండంగా వస్తోంది. ఎందుకు?

ఈ ఎందుకు దగ్గర కాస్త ఆగుతాను. ఇది పట్టుకుంటే మిగతాదంతా తేలిక.

ఇంట్లో రూటర్ మూడు నాలుగు ఉద్యోగాలు చేస్తుంది. ఒకటి, ఇంట్లోకి వచ్చిన ప్రతి ఫోనుకీ కంప్యూటరుకీ ఒక నంబరు ఇవ్వడం. డీహెచ్‌సీపీ అంటారు దాన్ని. రెండు, ఊరి బయటికి పోయే ఉత్తరాలన్నీ నాకివ్వండి అని చెప్పడం. అదే గేట్‌వే. దాన్ని నేను వీధి గుమ్మం అంటాను. ఏ కంప్యూటరైనా ఒక వీధి గుమ్మం గుర్తుపెట్టుకుంటుంది. తనకి తెలియని చిరునామా ఏదొచ్చినా అటే పంపేస్తుంది.

ఇప్పుడు రెండు రూటర్లనీ ఒకే తీగతో కలిపారు. ఒకే ఇల్లు, ఇద్దరు పెత్తందార్లు. కొత్తగా ఫోను ఇంట్లోకి రాగానే "నాకో నంబరు ఇవ్వండి" అని అరుస్తుంది. ఇద్దరూ పలుకుతారు. ఎవరు ముందు పలికితే వాళ్ల నంబరు, వాళ్ల వీధి గుమ్మం. వదినగారి ఫోను తన ఇంట్లో కూర్చుని మరిది కనెక్షన్‌లోంచి బయటికి పోతోంది. దానికి తోడు చాలా రూటర్లకి ఫ్యాక్టరీలోనే 192.168.1.1 అనే చిరునామా పెట్టి పంపుతారు. వీళ్లవి రెండూ అంతే. అంటే పెత్తందార్లిద్దరి పేరూ ఒకటే. ఒకరిని పిలిస్తే ఒకసారి ఈయన, ఇంకోసారి ఆయన. టీవీ బాగా రావడానికి కారణం ఏమీ లేదండి, దాని అదృష్టం.

192.168తో మొదలయ్యే నంబర్లు ఎవరి సొంతమూ కావు. 1996లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు మూడు గుత్తుల నంబర్లని పక్కన పెట్టారు: 10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 దాకా, 192.168. ఇవి ఇంట్లో వాడుకోండి, బయటికి మాత్రం తీసుకురాకండి అన్నారు. అందుకే లోకంలో లక్షల ఇళ్లలో అవే నంబర్లు.

మన దగ్గర కొత్తపేటలు ఎన్ని ఉన్నాయండీ? గుంటూరులో ఉంది, విజయవాడలో ఉంది, హైదరాబాద్‌లో ఉంది. గుంటూరులో ఆటో ఎక్కి కొత్తపేట అన్నారనుకోండి, హైదరాబాద్ తీసుకెళ్తాడా? ఊళ్లో కొత్తపేటకే తీసుకెళ్లి దించుతాడు. ఊరి బయట ఇంకో కొత్తపేట ఉందేమో అన్న ఆలోచనే అతనికి రాదు. కంప్యూటరూ అంతే. నా నంబరు 192.168.1.20, నేను వెతికేది 192.168.1.35. "ఇది మన ఇంట్లోదే" అని ఇంట్లోనే కేకలు వేస్తుంది. గుమ్మం దగ్గరకి వెళ్లి అడగనే అడగదు. అందుకని రెండిళ్ల రూటర్ల మధ్య దారి వేసి కలపాలంటే మొట్టమొదట చేయాల్సిన పని, ఒకరింటి నంబర్ల వరస మార్చడం. అన్న ఇల్లు 192.168.10, తమ్ముడి ఇల్లు 192.168.20. రూటర్ పేజీలోకి వెళ్లి ల్యాన్, అంటే ఇంటి లోపలి, చిరునామా అన్నచోట మారిస్తే చాలు. అయిదు నిమిషాల పని. మార్చిన తర్వాత పాత నంబరుతో రూటర్ తలుపు తట్టి "పేజీ రావట్లేదు" అని నాకు ఫోను చేయొద్దు. (నవ్వులు)

కాస్త చరిత్ర చెప్పనివ్వండి, ఒక్క నిమిషం. ఈ చిక్కు మన పిట్టగోడ దగ్గర పుట్టింది కాదు. ఇంటర్నెట్ పుట్టిందే దీన్నుంచి. 1970లలో అమెరికాలో ఒక నెట్‌వర్క్ తీగల మీద నడిచేది, ఇంకోటి రేడియో మీద, మరోటి ఉపగ్రహం మీద. ఒకదాని పద్ధతి ఒకదానికి పడదు. వింట్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అని ఇద్దరు 1974లో ఒక పత్రం రాశారు. దాంట్లో తెలివంతా ఎక్కడుందంటే, వాళ్లు మూడింటినీ ఒక్కటి చేద్దామనలేదు. ఎవరి నెట్‌వర్క్ వాళ్ల పద్ధతిలోనే నడుపుకోండి, మధ్యలో ఒక గేట్‌వే పెడదాం, అది రెండు వైపులా భాష తెలిసిన మనిషిలా అటుదిటు ఇటుదటు అందిస్తుంది అన్నారు. 1977 నవంబరులో ఆ మూడు నెట్‌వర్కుల మీదుగా ఒకే సమాచారాన్ని పంపి చూశారు, ఒక కొస కాలిఫోర్నియాలో రోడ్డు మీద పోతున్న వ్యాను. నెట్‌వర్కుల నడుమ నడిచేది కాబట్టే దానికి ఇంటర్నెట్ అని పేరు. మా అన్నదమ్ములకి కావలసింది కూడా అదే, ఆరు మీటర్ల ఇంటర్నెట్.

ఇక పని. వీళ్లకి నిజానికి రెండిళ్లూ కలవాల్సిన అవసరం లేదు. అన్న కంప్యూటర్ ఒకటి, తమ్ముడి కంప్యూటర్ ఒకటి, ఈ రెండే కలవాలి. అలాంటప్పుడు రూటర్ల జోలికే పోనక్కర్లేదు. ఒక్కో కంప్యూటరుకి ఇంకో నెట్‌వర్క్ కార్డు పెట్టండి. లోపల స్లాటులో పెట్టుకునేది కావచ్చు, యూఎస్‌బీకి గుచ్చేది కావచ్చు. పాత కార్డు యథాప్రకారం ఇంట్లో రూటరుకి. కొత్త కార్డు నుంచి నేరుగా అవతలి ఇంటి కొత్త కార్డుకి ఒక తీగ. మధ్యలో స్విచ్చి, అంటే నెట్‌వర్క్ తీగలు కలిపే డబ్బా, కూడా అక్కర్లేదు. మా కాలంలో దీనికి క్రాసోవర్ కేబుల్ అని తీగల వరస మార్చి కొట్టాల్సొచ్చేది. హాస్టల్ రోజుల్లో ఆటలాడుకోడానికి రాత్రిళ్లు కూర్చుని క్రింపింగ్, అంటే తీగ కొసలకి ప్లగ్గులు బిగించడం, చేసేవాళ్లం. ఇప్పటి గిగాబిట్ కార్డులు వాటంతటవే సర్దుకుంటాయి, మామూలు కేబుల్ చాలు.

కొత్త కార్డుకి నంబరు మనమే చేత్తో ఇవ్వాలి. అన్నకి 10.10.10.1, తమ్ముడికి 10.10.10.2. మాస్కు, అంటే ఏ నంబర్లు మన ఇంటివో చెప్పేది, రెండింటికీ 255.255.255.0. దాని కింద గేట్‌వే అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేయాలి. డీఎన్‌ఎస్, అంటే వెబ్‌సైటు పేరుకి నంబరు వెతికి చెప్పేదాని గడి కూడా ఖాళీ. పదిమందిలో తొమ్మిది మంది ఇక్కడే తప్పు చేస్తారు. గడి ఖాళీగా కనిపిస్తే మనకి చెయ్యి ఊరుకోదు, స్కూల్లో ఖాళీలను పూరింపుము అని నేర్పారు కదా. (నవ్వులు)

పూరిస్తే ఏమవుతుంది? కంప్యూటరుకి రెండు వీధి గుమ్మాలు కనిపిస్తాయి. ఏది దగ్గరో విండోస్ తనే తేల్చుకుంటుంది. మనం ఏమీ చెప్పకపోతే తీగ వేగాన్ని చూసి తేలుస్తుంది. కొత్త తీగ గిగాబిట్, ఇంటి నెట్ వైఫై మీద. కొత్తది వేగమైంది కాబట్టి వీధి గుమ్మం అదే అనుకుని, యూట్యూబుకి పోవాల్సినవన్నీ తమ్ముడి కంప్యూటరులోకి తోస్తుంది. అక్కడ వాటిని పట్టించుకునే దిక్కు లేదు. "కేబుల్ పెట్టగానే నెట్ పోతోంది, పీకగానే వస్తోంది" అని వచ్చే కేసులన్నీ ఇవే. పెరటి గుమ్మం పెరటి గుమ్మంలాగే ఉండాలి. దాని మీద వీధి గుమ్మం అని బోర్డు రాయకూడదు, అంతే.

విండోస్‌లోనే ఇంకో రెండు ఉచ్చులు ఉన్నాయి. రెండు కార్డులూ ఎంచుకుని రైట్ క్లిక్ చేస్తే బ్రిడ్జ్ అని వస్తుంది. పేరు చూస్తే ఇదే కదా మనకి కావలసింది అనిపిస్తుంది. నొక్కారంటే తమ్ముడు మొదటిరోజు చేసిన కలిపెయ్యడమే మళ్లీ జరుగుతుంది. రెండోది ఇంటర్నెట్ షేరింగ్. అది నొక్కితే మీరు పెట్టిన నంబరు చెరిపేసి తన ఇష్టప్రకారం 192.168.137.1 అని పెట్టుకుంటుంది. రెండింటి జోలికీ పోకండి.

గేట్‌వే ఖాళీగా వదిలినందుకు ఒక చిన్న చికాకు ఉంది, చెప్పకపోతే మీరు ఇంటికెళ్లి తిట్టుకుంటారు. విండోస్ ఒక నెట్‌వర్కుని దాని వీధి గుమ్మం చూసి గుర్తుపడుతుంది. గుమ్మం లేదు కాబట్టి దీన్ని గుర్తు తెలియని నెట్‌వర్క్ అంటుంది. గుర్తు తెలియనిది కాబట్టి బస్టాండులో వైఫైతో సమానం చేసి పబ్లిక్ అని ముద్ర వేసి, ఫైళ్లు పంచుకోడానికి ఫైర్‌వాల్ని, అంటే గుమ్మం దగ్గర కాపలాదారుని, అడ్డం పెడుతుంది. దాన్ని ప్రైవేట్‌గా మార్చాలి. విండోస్‌లో ఆజ్ఞలు టైపు చేసే పవర్‌షెల్‌లో ఒక్క వాక్యంతో మారుతుంది, కానీ కొన్నిచోట్ల ఆపి పెడితే మళ్లీ మొదటికొస్తుంది. ప్రొఫెషనల్ ఎడిషన్ అయితే లోకల్ సెక్యూరిటీ పాలసీలో గుర్తు తెలియని నెట్‌వర్కులన్నీ ప్రైవేట్ అని శాశ్వతంగా చెప్పొచ్చు. ల్యాప్‌టాపు అయితే మాత్రం ఆ పని చేయకండి, అది నిజంగానే బస్టాండుకి వెళ్తుంది.

నెట్‌వర్క్ అన్న బొమ్మ తెరిచి పక్కింటి కంప్యూటర్ పేరు కనపడలేదని కంగారు పడకండి. రెండు బ్యాక్‌స్లాషులు కొట్టి 10.10.10.2 అని టైపు చేయండి, తలుపు తెరుచుకుంటుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. పాస్‌వర్డ్ లేని అకౌంటుని విండోస్ నెట్‌వర్క్ మీంచి లోపలికి రానివ్వదు. అందుకని అవతలివాళ్ల కోసమే ఒక వేరే యూజర్‌ని తయారుచేసి, దానికొక పాస్‌వర్డ్ పెట్టి, ఒక్క ఫోల్డర్ మాత్రం ఇవ్వండి. మొత్తం డీ డ్రైవు ఇచ్చేయడం కాదు.

ఇప్పుడు తీగ సంగతి. నా తప్పు ఇక్కడుంది. 2006లో, వేరే వీధిలో, రెండు డాబాల మధ్య నలభై మీటర్ల రాగి కేబుల్ వేశాను. 100 మీటర్ల దాకా పనిచేస్తుంది కదా, ఎందుకు భయం అనుకున్నాను. వైశాఖంలో ఒక సాయంత్రం గాలివాన. పిడుగు ఆ ఇళ్ల మీద పడలేదండి, రెండిళ్ల అవతల కొబ్బరిచెట్టు మీద పడింది. పొద్దున్నే ఫోను. రెండు వైపులా స్విచ్చిలు పోయాయి, ఒక మదర్‌బోర్డు కూడా పోయింది. బోర్డు డబ్బులు నేనే పెట్టుకున్నాను.

పిడుగు తీగని తాకనక్కర్లేదు. దగ్గర్లో పడితే చాలు, ఆ క్షణంలో చుట్టూ ఉన్న పొడవాటి రాగి తీగలన్నిటిలోనూ వోల్టేజి పుడుతుంది. నెట్‌వర్క్ పోర్టులో ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ని 1500 వోల్టులు తట్టుకునేలా తయారుచేస్తారు, పిడుగుకి అదొక లెక్క కాదు. ఇంకో సంగతి, రెండిళ్లకీ ఎర్తింగ్ వేరు వేరు. ఒక ఇంట్లో న్యూట్రల్ తెగిందనుకోండి, కరెంటు తిరిగి వెళ్లడానికి ఇంకో దారి వెతుక్కుంటుంది. మంచి కేబుల్ అని చెప్పి పైన రేకు చుట్టిన షీల్డెడ్ కేబుల్ వేసి, రెండు కొసలూ ఎర్తుకి తగిలేలా పెడితే, ఆ దారి మీరే వేసి ఇచ్చినట్టు. తీగ వేడెక్కుతుంది, ముట్టుకుంటే షాకు. మంచిదని ఎక్కువ డబ్బు పెట్టి కొన్నదే ముప్పు తెస్తుంది.

అందుకని రెండు వేరే మీటర్లున్న ఇళ్ల మధ్య ఫైబర్ వేయండి. గాజు పోగు, దాంట్లో కరెంటు పారదు. ఒకప్పుడు ఫైబర్ అంటే పెద్ద కంపెనీల వస్తువు. ఇప్పుడు అది కరెంటు స్తంభాల మీద వేలాడుతోంది. ఆంధ్రలో ప్రభుత్వ ఫైబర్‌నెట్ 2017లో స్తంభాల మీదే తీగ లాగి 149 రూపాయలకి కనెక్షన్ ఇవ్వడం మొదలుపెట్టింది, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత ఊరూరా ఫైబర్ అతికే కుర్రాళ్లు తయారయ్యారు. మీ కేబుల్ టీవీ అతన్ని అడిగితే మీటర్ల లెక్కన తీగ ఇస్తాడు, కొసలు కూడా కట్టి ఇస్తాడు. రెండు వైపులా మీడియా కన్వర్టర్ అని అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా పెట్టాలి. ఒకవైపు ఫైబర్, ఇంకోవైపు మామూలు నెట్‌వర్క్ కేబుల్.

కొనేటప్పుడు మూడు చూసుకోండి. ఒకే పోగు మీద అటూ ఇటూ నడిచే కన్వర్టర్లు జతగా వస్తాయి, ఒకటి ఏ, ఒకటి బీ. ఒకటి 1310 నానోమీటర్ల వెలుగు పంపి 1550ది అందుకుంటుంది, రెండోది తిరగేసి. రెండూ ఏ కొన్నారంటే ఇద్దరూ మాట్లాడతారు, ఎవరూ వినరు. మా ఇంట్లోలాగా. (నవ్వులు) తర్వాత, కనెక్టర్ల రంగు. నీలం వేరు, ఆకుపచ్చ వేరు. ఆకుపచ్చదాని మొన ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఇంటి నెట్‌కి సాధారణంగా ఆకుపచ్చది వాడతారు, ఈ కన్వర్టర్లకి ఎక్కువగా నీలం. రెండూ ఒకదాంట్లో ఒకటి దూరతాయి, అదే ప్రమాదం. దూరుతాయి కానీ మొనలు ఆనవు, వెలుగు సగం దారిలో చెదిరిపోతుంది. మూడోది చాలామందికి తెలియదు. బయట వేలాడదీసే ఫైబర్‌లో బరువు మోయడానికి పక్కనే ఒక ఉక్కు తీగ ఉంటుంది. పిడుగు భయంతో ఫైబర్ వేసి, ఆ ఉక్కు తీగని కన్వర్టర్ దాకా ఇంట్లోకి లాక్కొస్తే మొత్తం శ్రమ వృథా. దాన్ని చీల్చి బయటి గోడకి కొక్కెం దగ్గరే ఆపేయాలి. ఫైబర్ కొస వైపు కన్ను పెట్టి వెలుగు వస్తోందా అని చూడకండి. అది కంటికి కనపడే వెలుగు కాదు.

రాగితోనే కానిద్దాం అనుకునేవాళ్లు, అంటే ఒకే మీటరు కింద ఒకే డాబాలో రెండు వాటాలు ఉన్నవాళ్లు, నిక్షేపంగా వేసుకోండి. చవగ్గా దొరికే కేబుళ్లలో రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది, వంచితే విరుగుతుంది. ఎండలో పోయేదైతే నల్ల తొడుగు ఉన్నది తీసుకోండి, లోపల వాడే తెల్లది మన ఎండలకి పెళుసై పగిలిపోతుంది. కోతులకి మాత్రం నా దగ్గర మందు లేదు. పైపులో వేయండి.

వైర్‌లెస్ గురించి రెండు ముక్కలు. మధ్యలో రోడ్డు ఉంటే, తీగ దాటించడానికి అనుమతుల గొడవ ఉంటే, డాబాల మీద ఎదురెదురుగా చిన్న యాంటెనాల జత పెట్టొచ్చు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో చాలా భాగాన్ని 2018లో మన దేశంలో లైసెన్సు అక్కర్లేకుండా చేశారు. మధ్యలో వేపచెట్టు ఉంటే మాత్రం చిగురు వేసిన నెలలో వేగం పడిపోతుంది. ఆరు మీటర్ల పిట్టగోడకి ఇది అనవసరం.

కొన్ని కుటుంబాలకి రెండు కంప్యూటర్లు చాలవు, రెండిళ్లలో అన్నీ కనపడాలంటారు. ఒక ఇంట్లో ప్రింటరు, ఇంకో ఇంట్లో సీసీ కెమెరాల డబ్బా. అప్పుడు గోడ దగ్గర మూడో రూటర్ కావాలి, అదే మన గేట్‌వే. దానికి ఒక కాలు అన్న ఇంట్లో 192.168.10.2, ఇంకో కాలు తమ్ముడి ఇంట్లో 192.168.20.2. నంబర్లు మార్చే పని, అంటే నాట్, దాంట్లో ఆపేయాలి. తర్వాత అన్న రూటరుకి చెప్పాలి: 192.168.20 ఇంటికి పోయేవి వీధిలోకి తోయకు, 192.168.10.2కి ఇవ్వు. తమ్ముడి రూటరుకి దీనికి తిరగేసి. స్టాటిక్ రూట్ అన్న పేజీ ఉంటుంది. కంపెనీలు ఇచ్చే కొన్ని రూటర్లలో ఆ పేజీకి తాళం వేసి ఉంచుతారు.

ఇక్కడ నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టిన చిక్కు ఒకటి చెప్తాను. అంతా పెట్టాం. పింగ్, అంటే ఉన్నావా అని పలకరించే చిన్న ఉత్తరం, వెళ్తోంది, జవాబు వస్తోంది. ఫైలు తెరిస్తే మాత్రం తిరుగుతూనే ఉంటుంది, తెరుచుకోదు. పింగ్ వెళ్తుంటే దారి ఉన్నట్టే కదా, మరి ఏమిటి? ఆఖరికి తేలింది. అన్న కంప్యూటర్ నుంచి ఉత్తరం ముందు వాళ్ల ఇంటి రూటరుకి వెళ్తోంది, అక్కణ్నుంచి మూడో రూటరుకి, అక్కణ్నుంచి తమ్ముడికి. జవాబు మాత్రం మూడో రూటర్ నుంచి నేరుగా అన్న కంప్యూటరుకే వచ్చేస్తోంది, ఎందుకంటే ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు కదా, మధ్యలో పెద్దాయన ఎందుకు? ఇంటి రూటరుకి సంభాషణలో ఒక వైపు మాటలే వినపడుతున్నాయి. జవాబు చూడకుండానే మూడో మాట వస్తోంది. దాంట్లో ఫైర్‌వాలు ఇదేదో దొంగ వ్యవహారం అని ఆపేస్తోంది. పింగుకి అంత లెక్కలు లేవు కాబట్టి పోనిస్తోంది. మందు సులువే. ఆ దారి రూటరులో కాక కంప్యూటర్లలోనే శాశ్వతంగా రాసేశాను, ఉత్తరం నేరుగా మూడో రూటరుకే పోతుంది. ఆ తర్వాత విండోస్ ఫైర్‌వాల్ ఇంకోసారి అడ్డుపడింది. ఫైల్ షేరింగుకి అది సొంత ఇంటి నంబర్లనే రానిస్తుంది, పక్కింటి వరసని మనం చేత్తో చేర్చాలి.

ఫోనులోంచి టీవీకి బొమ్మ పంపడం లాంటివి మాత్రం ఇలా గోడ దాటవు. అవి ఇంట్లో కేక వేసి వెతుక్కునేవి. కేక పక్కింటికి వినపడకూడదనే కదా రూటర్ పెట్టింది.

భద్రత గురించి లైబ్రేరియన్ గారి కోసం ఒక మాట. 2017 మే నెలలో వానాక్రై అనే రోగం లోకమంతా తిరిగింది. ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగేది. అది ఈ ఫైల్ షేరింగ్ దారిలోనే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది, ఎవరూ ఏమీ నొక్కకుండానే. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. మీరు గుమ్మం పెట్టిన రోజు నుంచి తమ్ముడింట్లో మేనల్లుడు దించుకునే దొంగ సాఫ్ట్‌వేర్‌కి మీ ఇల్లు కూడా ఆరు మీటర్లే. అందుకే ఒక్క ఫోల్డర్ అన్నాను. అన్న ఇచ్చే ఒరిజినల్ వీడియోలు తమ్ముడు చదవగలగాలి, చెరపగలగకూడదు. పూర్తయినవి వేసుకోడానికి వేరే ఫోల్డర్.

ఏమైనా అడగాలంటే అడగండి.

టీచరుగారు అడుగుతున్నారు: పక్కింటివాళ్లు చుట్టాలు కాదు, ఒక్క కనెక్షనే తీసుకుని బిల్లు చెరిసగం పెట్టుకోవచ్చా అని. అమ్మా, తీగ పరంగా అయిపోతుంది. కానీ ఆ కనెక్షన్ మీ పేరు మీద, మీ ఇంటికి ఇచ్చింది. పక్కింటికి పంచకూడదని సాధారణంగా షరతుల్లోనే రాసి ఉంటుంది. దాంట్లోంచి ఎవరు ఏం చేసినా ముందు తలుపు తట్టేది మీది. నేనైతే పెట్టించను. ఇవాళ నేను చెప్పిందంతా ఎవరి ఇంటర్నెట్ వాళ్లదిగానే ఉంచే పద్ధతి.

ఆ బాబు వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగానే రెండిళ్ల మధ్య తాళం వేసిన సొంత దారి, పెట్టుకోవచ్చు కదా అంటున్నాడు. పెట్టుకోవచ్చు నాన్నా, తీగ వేయలేని చోట అదే దారి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ బాగుంటుంది, 2020లో లైనక్స్ కెర్నెల్లోనే, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలోనే, చేర్చారు. కానీ మన దగ్గర చిక్కేమిటంటే, చాలా కంపెనీలు ఇంటింటికీ బయటి నంబరు ఇవ్వవు, వందల ఇళ్లని ఒక నంబరు వెనక కూర్చోబెడతాయి. నీ రూటర్ బయటి వైపు నంబరు 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే నువ్వు ఆ బాపతే. బయటి నుంచి ఎవరూ నీ తలుపు నేరుగా కొట్టలేరు. రెండిళ్లూ అంతే అయితే ఒకరినొకరు పిలుచుకోలేరు. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ సేవలు మధ్యవర్తిగా నిలబడి ఇద్దరినీ కలుపుతాయి. కుదరకపోతే తమ సర్వర్ల మీదుగానే సరుకు మోస్తాయి. డాక్యుమెంట్లకి చాలు. పెళ్లి వీడియోకి చాలదు.

కరెంటు పోతే? మంచి ప్రశ్నండి. కన్వర్టర్లు రెండు వైపులా కరెంటు మీదే పనిచేస్తాయి. ఇన్వర్టరు ఒక ఇంట్లోనే ఉంటే సగం కాపీలో ఆగిపోతుంది. కాపీ చేసేటప్పుడు మధ్యలో ఆగినా మళ్లీ అక్కణ్నుంచే అందుకునే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, రోబోకాపీ విండోస్‌లోనే ఉంది. మా అన్నదమ్ములకి అదే పెట్టాను. రాత్రి పదకొండుకి దానంతట అదే మొదలవుతుంది.

ఆ బల్ల మీద రెండు కన్వర్టర్లు, కొంత ఫైబర్, క్రింపింగ్ టూలు పెట్టాను. వచ్చి చేత్తో పట్టుకుని చూడండి. ఫైబర్‌ని మరీ మడవకండి, గాజు అది. ఆ ఆకుపచ్చ కొసని మాత్రం నీలందాంట్లో గుచ్చకండి, కిందటిసారి ఎవరో గుచ్చితే తీయడానికి అరగంట పట్టింది.